అమ్మకుండానే పన్నా? యూరప్ ఫండ్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ యూరప్ చుట్టూనే తిరిగాయి. మియాపూర్, కొండాపూర్, ఉప్పల్, ఏఎస్ రావు నగర్, ఏ పేటలో చూసినా ఇప్పుడు పిల్లలు అమెరికాకే కాదు, జర్మనీకీ ఐర్లాండ్‌కీ నెదర్లాండ్స్‌కీ కూడా వెళ్తున్నారు. అక్కడి జీతంలో కొంత ఫండ్లలో పెడుతున్నారు, పన్ను నోటీసో బ్యాంకు మెసేజో వస్తే ఇక్కడ అమ్మానాన్నలకి టెన్షన్. ప్రశ్నల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. అందరూ "అక్కడ ఎంత శాతం పన్ను?" అనే అడిగారు. శాతం కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: పన్ను ఎప్పుడు పడుతుంది, దేని మీద పడుతుంది? కొన్ని దేశాల్లో అమ్మినప్పుడు పడుతుంది, కొన్నిచోట్ల ఏటా పడుతుంది, ఒకచోటైతే ఎనిమిదేళ్లకోసారి. కొన్నిచోట్ల నిజంగా వచ్చిన లాభం మీద, కొన్నిచోట్ల వచ్చి ఉంటుందని ప్రభుత్వం అనుకున్న లాభం మీద. ఈ సంగతి తెలియకుండా శాతాలు పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: సర్, మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేస్తున్నాడు. అక్కడ ఒక షేర్ల ఫండ్‌లో డబ్బు పెట్టాడు, ఇంతవరకు ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. జనవరిలో బ్యాంకు వాళ్లు ఖాతాలోంచి పన్ను అని కొంత తీసేసుకున్నారట. అమ్మకుండా పన్నేమిటి? మోసం కాదు కదా? (గృహిణి, మియాపూర్)

మోసం కాదమ్మా, భయపడకండి. జర్మనీలో 2018 జనవరి నుంచి ఫండ్ల పన్ను పద్ధతి మారింది. డివిడెండ్ పంచకుండా లోపలే పెంచుకునే ఫండ్లు పన్నుని ఏళ్ల తరబడి వాయిదా వేసేస్తున్నాయని, ఏటా కొంత ముందుగా వసూలు చేసుకునే ఏర్పాటు పెట్టారు. దాన్ని అక్కడ ఫోరాబ్‌పౌషాలె అంటారు. మీ అబ్బాయి ఖాతా స్టేట్‌మెంట్‌లో ఆ మాటే ఉంటుంది చూడమనండి.

లెక్క ఇలా ఉంటుంది. ప్రభుత్వం ఏటా ఒక మూల వడ్డీ రేటు ప్రకటిస్తుంది, 2025కి అది 2.53 శాతం. ఏడాది మొదట్లో ఫండ్ విలువ 10,000 యూరోలు అనుకుందాం. అందులో 2.53 శాతం, దానిలో మళ్లీ 70 శాతం తీసుకుంటే సుమారు 177 యూరోలు వస్తాయి. షేర్ల ఫండ్ కాబట్టి అందులో 30 శాతానికి పన్ను లేదు, మిగిలింది 124. దాని మీద 25 శాతం పన్ను, ఆ పన్ను మీద 5.5 శాతం సర్‌చార్జీ, రెండూ కలిపి 26.375 శాతం. అంటే చివరికి పోయేది సుమారు 33 యూరోలు. 2025 ఏడాదికి చెందిన ఈ పన్నుని బ్యాంకు 2026 జనవరిలో కోస్తుంది. ఫండ్ ఆ ఏడాది అంతకంటే తక్కువ పెరిగితే పెరిగినంత మీదే లెక్క, పడిపోతే అసలు లేదు. రేపు అమ్మేటప్పుడు ఇప్పటికే లెక్కకి వచ్చిన మొత్తాన్ని లాభంలోంచి తీసేస్తారు, కాబట్టి ఒకే డబ్బుకి రెండుసార్లు పన్ను పడదు.

ఇక్కడ అసలు సంగతి ఇంకోటుంది. జర్మనీలో ఒక్కో మనిషికి పెట్టుబడి ఆదాయంలో ఏటా 1,000 యూరోల వరకు పన్ను లేదు, కలిసి రిటర్న్ వేసే భార్యాభర్తలకైతే 2,000. కానీ ఆ మినహాయింపు వాడమని మీ అబ్బాయే బ్యాంకుకి చెప్పాలి, దానికో ఫారం ఉంది, ఫ్రైష్టెల్లుంగ్స్‌ఆఫ్‌ట్రాగ్ అంటారు. పేరు పలకడానికి కష్టంగా ఉన్నా బ్యాంకు యాప్‌లో నింపడానికి పెద్దగా టైమ్ పట్టదు. అది ఇచ్చి ఉంటే, వేరే పెట్టుబడి ఆదాయం ఎక్కువ లేకపోతే, ఆ 33 యూరోలు కూడా పోయేవి కావు. ఇప్పుడు పోయినవి ఏడాది రిటర్న్‌లో అడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు. కొత్తగా వెళ్లిన మన పిల్లల్లో చాలామంది ఈ ఫారం సంగతి పట్టించుకోరు, ఏటా ఊరికే డబ్బు వదులుకుంటున్నారు, నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ప్రశ్న: ఇంకో రెండు నెలల్లో డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరబోతున్నాను. మ్యూనిక్‌లో ఉన్న నా ఫ్రెండ్ ఒక ఈటీఎఫ్‌లో (స్టాక్ ఎక్స్ఛేంజిలో షేరులా కొని అమ్మే ఫండ్) నెలనెలా పెడుతున్నాడు, దాని పేపర్లలో ఫండ్ ఐర్లాండ్‌లో రిజిస్టర్ అయిందని ఉంది. ఐర్లాండ్‌లో ఫండ్లకి పన్ను లేదు కాబట్టే అన్నీ అక్కడ పెడతారని కూడా చదివాను. నేను ఐర్లాండ్‌లోనే ఉంటాను కాబట్టి అదే ఫండ్ కొంటే నాకు ఇంకా లాభమే కదా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్)

సరిగ్గా ఉల్టా. ఈ పొరపాటు వల్లే చాలామంది దెబ్బతింటున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఫండ్‌కి ఒక ఊరు ఉంటుంది, మదుపు చేసేవాడికి ఒక ఊరు ఉంటుంది. ఫండ్ నంబరు మొదట్లో ఐఈ అని ఉంటే ఐర్లాండ్, ఎల్‌యూ అని ఉంటే లక్సెంబర్గ్. యూరప్‌లో అమ్మే ఈటీఎఫ్‌లలో చాలా భాగం ఈ రెండు చోట్లే రిజిస్టర్ అవుతాయి. ఎందుకంటే ఐర్లాండ్ ఆ ఫండ్ సంపాదన మీద పన్ను వేయదు, ఐర్లాండ్ బయట ఉన్న మదుపరుల డబ్బులోంచి కూడా ఏమీ కోయదు. పైగా అమెరికాతో ఉన్న ఒప్పందం వల్ల, అమెరికన్ కంపెనీలిచ్చే డివిడెండ్ల మీద ఐరిష్ ఫండ్‌కి 30 శాతానికి బదులు 15 శాతమే కోత పడుతుంది. ఇది మ్యూనిక్‌లో ఉన్న మీ ఫ్రెండ్‌కి లాభం, హైదరాబాద్‌లో కూర్చుని కొన్నవాళ్లకి కూడా లాభం. కానీ ఆ ఫండ్ యజమాని ఐర్లాండ్‌లోనే నివసిస్తే, యూరప్‌లోని గట్టి నిబంధనల్లో ఒకటి ఆయన మీద పడుతుంది.

చాలాకాలం అక్కడ ఫండ్ లాభాల మీద పన్ను 41 శాతం ఉండేది, 2026 జనవరి 1 నుంచి 38కి తగ్గించారు. అదే మామూలు షేరు నేరుగా కొని అమ్మితే 33 శాతం, పైగా ఏటా 1,270 యూరోల లాభానికి మినహాయింపు, ఒక షేరులో నష్టం వస్తే ఇంకో షేరు లాభంలోంచి తీసేసుకోవచ్చు. ఫండ్‌కి ఆ మినహాయింపూ లేదు, నష్టం సర్దుకునే వెసులుబాటూ లేదు. అన్నిటికంటే పెద్దది ఎనిమిదేళ్ల రూలు. 2006లో తెచ్చారు. మీరు అమ్మినా అమ్మకపోయినా, కొన్న ఎనిమిదేళ్లకి అమ్మినట్టే లెక్కగట్టి పన్ను కట్టమంటారు, మళ్లీ ఎనిమిదేళ్లకి ఇంకోసారి. తర్వాత నిజంగా అమ్మినప్పుడు ముందు కట్టింది తగ్గిస్తారు, అది నిజమే. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ ఫండ్‌లో ఉండి పెరగాల్సింది, ప్రభుత్వం దగ్గర ఉంటుంది. పైగా నెలనెలా కొంటే ప్రతి నెల కొనుగోలుకీ దాని ఎనిమిదేళ్ల గడువు దానిదే. అంటే తొమ్మిదో ఏట మొదలై ప్రతి నెలా ఏదో ఒక భాగానికి పన్ను తేదీ వస్తూనే ఉంటుంది, ఆ లెక్క చాలావరకు మీరే రాసి పెట్టుకోవాలి. మన సిప్ అలవాటుతో వెళ్లినవాళ్లకి ఇది నరకం.

ఒకే ఫండ్ తీసుకుని చూద్దాం. 10,000 యూరోలు ఎనిమిదేళ్లలో 16,000 అయింది, లాభం 6,000. డబ్లిన్‌లో ఉన్న మీరు ఇప్పటి రేటు ప్రకారం 2,280 యూరోలు కట్టాలి, ఇంకా ఒక్క యూనిట్ అమ్మకుండానే. మ్యూనిక్‌లో మీ ఫ్రెండ్ అమ్మితే, 30 శాతం మినహాయింపు తర్వాత పన్ను లాభంలో సుమారు 18.5 శాతం పడుతుంది, అంటే ఏటేటా కట్టింది కూడా కలుపుకుని దాదాపు 1,108 యూరోలు. అదీ వెయ్యి యూరోల మినహాయింపు వాడకముందు మాట. ఇదే ఫండ్ లక్సెంబర్గ్‌లో నివసించే మామూలు మదుపరి కొని ఆరు నెలలు దాటాక అమ్మితే ఆ లాభం మీద పన్నే లేదు. ఫండ్ ఒకటే, లాభం ఒకటే, తేడా అంతా ఇల్లు ఎక్కడ అన్నదాంట్లోనే.

నా దృష్టిలో ఐర్లాండ్ రూలు చిన్న మదుపరికి అన్యాయం చేస్తోంది. నాలుగు వందల కంపెనీల్లో డబ్బు చల్లుకునే జాగ్రత్తపరుడికి 38, ఒకే కంపెనీ షేరు మీద పందెం కాసేవాడికి 33, ఇది ఏ విధంగా సబబు? అయినా చట్టం చట్టమే కాబట్టి మీరు చేయాల్సింది చెప్తాను. డబ్లిన్ చేరగానే ఈటీఎఫ్ కొనే తొందర పెట్టుకోకండి, ముందు కంపెనీ పెన్షన్ చూడండి. పెన్షన్ లోపల ఉన్న ఫండ్లకి ఈ ఎనిమిదేళ్ల రూలు వర్తించదు, మీరు వేసే డబ్బుకి పరిమితుల్లో ఆదాయ పన్ను రాయితీ కూడా వస్తుంది, చాలా కంపెనీలు తమ వంతు కలుపుతాయి. రెండు మూడేళ్లలో వేరే దేశం వెళ్లిపోయే ఆలోచన ఉంటే అది కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి. ఎనిమిదేళ్లు నిండకముందే ఐర్లాండ్ వదిలినవాడి కథ వేరు, అక్కడే స్థిరపడినవాడి కథ వేరు.

ప్రశ్న: యూరో ఒకటే, వీసా ఒకటే, అయినా పన్ను మాత్రం దేశానికో రకంగా ఎందుకుంది? గ్రూప్స్‌కి చదువుతున్నాను, ఎక్కడా సరిగ్గా దొరకలేదు. (తార్నాక)

ఫండ్ ఎలా నడవాలి, మదుపరికి ఏం చెప్పాలి, ఒక దేశపు ఫండ్ ఇంకో దేశంలో ఎలా అమ్మాలి, వీటికి 1985 నుంచి యూరప్‌లో ఉమ్మడి చట్టం ఉంది, యూసిట్స్ అంటారు. కానీ వ్యక్తుల ఆదాయం మీద పన్ను ఒక్కో దేశం చేతిలోనే ఉంచుకుంది. పన్ను విషయంలో యూరోపియన్ యూనియన్ ఉమ్మడి నిర్ణయం చేయాలంటే 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. అందుకే సరుకు ఉమ్మడి, పన్ను ఎవరిది వాళ్లది.

దాంతో ఒక్కో దేశం తనకి నచ్చిన దారి పట్టింది. స్పెయిన్‌లో ఒక ఫండ్‌లోంచి ఇంకో ఫండ్‌కి మారితే పన్ను లేదు, చివరికి డబ్బు బయటికి తీసినప్పుడే, అయితే ఆ సౌకర్యం ఈటీఎఫ్‌లకి ఇవ్వలేదు. ఇటలీలో ఫండ్ లాభం మీద 26 శాతం, కానీ ఫండ్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో ఫండ్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు, ఎందుకంటే చట్టం లాభాన్ని ఒక పద్దులో, నష్టాన్ని ఇంకో పద్దులో పెట్టింది. ఫ్రాన్స్‌లో పీఈఏ అనే ఖాతా ఉంది, 1,50,000 యూరోల వరకు వేసుకోవచ్చు, ఐదేళ్లు దాటితే ఆదాయ పన్ను పోతుంది, సామాజిక భద్రత కోత మాత్రం మిగులుతుంది. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు గానీ చెప్పాలి, అక్కడ మామూలు మనిషికి అమ్మకం లాభం మీద పన్ను లేదు, బదులుగా డివిడెండ్ల మీద, మొత్తం ఆస్తి మీద ఉంటుంది. నాకు బాగా నచ్చింది స్వీడన్. 2012లో ఐఎస్‌కే అనే ఖాతా పెట్టారు, అందులో ఎన్నిసార్లు కొన్నా అమ్మినా లెక్క చెప్పక్కర్లేదు, ఏటా ఖాతా విలువ మీద చిన్న పన్ను, అంతే. 2026లో మొదటి 3,00,000 క్రోనాలకి అది కూడా లేదు. నష్టం వచ్చిన ఏడాది కూడా కట్టాలి అన్నది దాని లోపం. అయినా మామూలు ఉద్యోగి ఆడిటర్ అవసరం లేకుండా మదుపు చేయగలుగుతున్నాడంటే ఆ పద్ధతికి దండం పెట్టాలి.

ప్రశ్న: మావారు 2022 నుంచి ఐండ్‌హోవెన్‌లో పనిచేస్తున్నారు, పిల్లల చదువు కోసం నేను ఇక్కడే ఉన్నాను. ఆయనకి అక్కడ 30 శాతం రూలింగ్ (బయటి దేశం నుంచి వచ్చిన ఉద్యోగి జీతంలో 30 శాతం దాకా పన్ను పడని రాయితీ) ఉంది. ఇండియాలో ఆయన పేరు మీదున్న మ్యూచువల్ ఫండ్లు ఇన్నాళ్లూ అక్కడ చూపించలేదు, ఇకమీదట చూపించాలి అంటున్నారు. లాభం ఇంకా చేతికే రాలేదు, దేని మీద పన్ను? (ఉప్పల్)

ఇన్నాళ్లూ చూపించకపోవడం తప్పేమీ కాదు. 30 శాతం రూలింగ్ ఉన్నవాళ్లు కోరుకుంటే బయటి దేశాల పెట్టుబడుల విషయంలో అక్కడ నివాసి కాదన్నట్టు లెక్కించే వెసులుబాటు ఉండేది. దాన్ని 2025 నుంచి తీసేశారు, 2023 చివరికే రూలింగ్ ఉన్న మీవారిలాంటి వాళ్లకి మాత్రం 2026 చివరిదాకా గడువిచ్చారు. కాబట్టి 2027 జనవరి 1 మీకు ముఖ్యమైన తేదీ.

నెదర్లాండ్స్‌లో పెట్టుబడుల పన్నుని బాక్స్ 3 అంటారు. జనవరి 1న మీ ఆస్తులన్నిటినీ ఒక ఫొటో తీసినట్టు తీసుకుంటారు, బ్యాంకు డబ్బుకి ఒక రేటు, ఫండ్లు షేర్లకి ఇంకో రేటు చొప్పున ఇంత లాభం వచ్చి ఉంటుందని అనుకుంటారు, దాని మీద 36 శాతం. 2025 లెక్కలో ఫండ్లకి ఆ ఊహించిన లాభం 5.88 శాతం, ఒక్కొక్కరికి 57,684 యూరోల వరకు మినహాయింపు. ఒకరికి 1,00,000 యూరోల ఫండ్లు ఉంటే మినహాయింపు పోను 42,316 మిగులుతుంది, అందులో 5.88 శాతం అంటే 2,488, దాని మీద 36 శాతం సుమారు 896 యూరోలు.

ఫండ్ నష్టపోయినా ఇంతే కట్టాలా అంటే, ఒకప్పుడు అంతే. జనం కోర్టుకెక్కారు. 2021 డిసెంబర్ 24న అక్కడి సుప్రీంకోర్టు ఈ ఊహాలెక్క ఆస్తి హక్కుకీ సమానత్వానికీ విరుద్ధమని తీర్పు చెప్పింది, ప్రభుత్వం తెచ్చిన సవరణ కూడా చాలదని 2024 జూన్ 6న మళ్లీ చెప్పింది. ఇప్పుడు అసలు రాబడి తక్కువైతే దాన్ని చూపించి తక్కువ పన్ను కట్టవచ్చు. కానీ అసలు రాబడి అంటే అమ్మని ఫండ్ల పెరుగుదల కూడా కలుస్తుంది, కాబట్టి "చేతికి రాలేదు" అన్న మాట అక్కడ చెల్లదు. మీరు ఇక్కడినుంచి చేయగలిగిన సాయం ఒకటుంది. ప్రతి జనవరి 1 నాటి ఫండ్ విలువలు, ఏడాదిలో వేసిందీ తీసిందీ స్టేట్‌మెంట్లుగా దాచిపెట్టండి. రెండు లెక్కల్లో ఏది తక్కువో తేలాలంటే అవే ఆధారం.

ప్రశ్న: మా అమ్మాయి 2024 ఆగస్టులో ఉద్యోగానికి లండన్ వెళ్లింది. పెళ్లికి ముందు నేను తన పేరు మీద మొదలుపెట్టిన సిప్ నడుస్తూనే ఉంది. ఇక్కడ అమ్మితే టీడీఎస్ కోస్తారు కదా, ఇక అక్కడ చెప్పే పనేముంది? (రిటైర్డ్ ఉద్యోగి, ఏఎస్ రావు నగర్)

చెప్పాలండి. ఇండియా 2017 నుంచి ఇతర దేశాలతో ఖాతాల సమాచారం ఆటోమేటిక్‌గా పంచుకుంటోంది, కాబట్టి తెలియదులే అనుకోవద్దు. ముందు అమ్మాయి కేవైసీని ఎన్ఆర్ఐగా మార్పించండి, మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓ (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్ఆర్ఐలు పెట్టుకునే ఖాతా) చేయించండి.

బ్రిటన్‌లో చిక్కేమిటంటే, అక్కడి పన్ను శాఖ దగ్గర రిపోర్టింగ్ ఫండ్‌గా నమోదు కాని విదేశీ ఫండ్‌ని అమ్మితే, ఆ లాభానికి 18 లేదా 24 శాతం క్యాపిటల్ గెయిన్స్ రేటు కాకుండా జీతం మీద వేసే ఆదాయ పన్ను రేటు పడుతుంది, అది 45 శాతం దాకా వెళ్లవచ్చు. ఏటా ఇచ్చే 3,000 పౌండ్ల మినహాయింపు కూడా వర్తించదు. మన మ్యూచువల్ ఫండ్లు మామూలుగా ఆ జాబితాలో ఉండవు. అయితే మీ అమ్మాయికి ఒక దారి ఉంది. అంతకుముందు పదేళ్లు బ్రిటన్ నివాసి కానివాళ్లకి, వెళ్లిన మొదటి నాలుగు పన్ను సంవత్సరాలు విదేశీ ఆదాయానికి మినహాయింపు కోరే పద్ధతి 2025 ఏప్రిల్ 6 నుంచి వచ్చింది. తన విషయంలో అది 2028 ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఆ లోపల ఒకే ఏడాదిలో మొత్తం అమ్మేసి మినహాయింపు కోరితే ఆ ఏడాదికి ఆదాయ పన్నులో ఉండే 12,570 పౌండ్ల మామూలు మినహాయింపు పోతుంది, లాభం పెద్దదైతేనే ఇది గిట్టుబాటు. అక్కడి అకౌంటెంట్‌తో రెండు లెక్కలూ వేయించమనండి.

ప్రశ్న: పన్నెండేళ్లుగా స్టుట్‌గార్ట్‌లో ఉన్నాం, వచ్చే ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నాం, నల్లగండ్లలో ఫ్లాట్ కూడా తీసుకున్నాం. అక్కడి ఫండ్లు అమ్ముకుని రావాలా, వచ్చాక అమ్మాలా?

తొందరపడి అమ్మకండి. మీరు తిరిగొచ్చాక సాధారణంగా రెండు ఆర్థిక సంవత్సరాలు, కొన్నిసార్లు మూడు, ఆర్ఎన్ఓఆర్ హోదాలో ఉంటారు, అంటే ఇక్కడ నివాసే గానీ పన్ను లెక్కలో ఇంకా పూర్తిస్థాయి నివాసి కాదు. ఆ కాలంలో బయటి దేశంలో వచ్చిన లాభం మీద ఇండియాలో పన్ను లేదు. జర్మనీలో ఇల్లు ఖాళీ చేసి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, అక్కడి నివాసం నిజంగా ముగించి వస్తే, ఆ తర్వాత అమ్మిన ఫండ్ల లాభం మీద అక్కడ కూడా మామూలుగా పన్ను పడదు. అమ్మిన డబ్బు ముందు అక్కడి ఖాతాలోనే పడాలి, నేరుగా ఇక్కడి ఖాతాకి తెప్పించుకోవద్దు. ఒకే ఫండ్‌లో మీరు పెట్టిన అసలు 5,00,000 యూరోలు దాటితే మాత్రం 2025 నుంచి జర్మనీ దేశం వదిలేటప్పుడే పన్ను అడుగుతోంది, అలా ఉంటే బయల్దేరేముందే అక్కడి ట్యాక్స్ అడ్వైజర్‌ని కలవండి. ఆర్ఎన్ఓఆర్ గడిచాక కూడా ఫండ్లు అట్టేపెట్టుకుంటే ఏటా మన రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. నింపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా వేయవచ్చు. భూములు, ఇళ్లు కాకుండా మొత్తం 20 లక్షల లోపు ఉన్నవాళ్లకి 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా లేదు గానీ, పన్నెండేళ్ల పొదుపు ఆ లెక్క దాటే ఉంటుంది కాబట్టి వచ్చేటప్పుడు ప్రతి ఫండ్ కొన్న తేదీ, కొన్న ధర ఉన్న స్టేట్‌మెంట్లు బ్యాంకు నుంచి డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోండి, ఖాతా మూసేశాక అడిగితే దొరకడం కష్టం.